ముందు కాగితం సంగతి చెప్పుండ్రి సార్

ఎడిటర్ గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీల వాటర్ కలర్స్ ఎట్ల వేయాల్నో ఒక వ్యాసం వేసిన్రు కదా, బ్రష్ పట్టే పద్ధతి, పసుపు నీలం కలిపితే ఆకుపచ్చ ఎట్లొస్తది, చెట్టు నీడ ఏ దిక్కు పడాలె, అన్నీ మంచిగనే ఉన్నయి, మా దగ్గరికొచ్చే పిల్లలు కత్తిరించుకొని దాచుకున్నరు గూడ. కానీ మొదటి మాటే నాకు మనసున పట్టలేదు. "ఒక తెల్ల కాగితం తీసుకోండి" అని రాసి సీదా రంగులల్లకు దునికిన్రు. ఏ కాగితం? ఎంత మందం? తీసుకున్నంక దాన్ని ఏం చేయాలె? ఇల్లు కట్టుడు చెప్పుకుంట పునాది ముచ్చట ఎగ్గొట్టి గోడలకాన్నించి షురూ చేసినట్టున్నది. అందుకే ఈ ఉత్తరం, జర పొడుగైతది, ఏమనుకోకుండ్రి.

నేను నల్గొండల ముప్పై ఏండ్లు బోర్డులు రాసిన. దుకాణాల రేకు బోర్డులు, గోడల మీద యాడ్లు, ఎలక్షన్లప్పుడు పార్టీల గుర్తులు, ఆటోల ఎనక పేర్లు, ఫ్లెక్సీలొచ్చినంక ఆ పని పాయె, ఇప్పుడు సాయంత్రంపూట మా వరండాల పది పదిహేను మంది పిల్లలకు డ్రాయింగ్ చెప్తున్న, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు పోయేటోళ్లు గూడ వస్తరు. బోర్డు రాసేటోనికి ఒకటి బాగ ఎరుక. ఉత్త రేకు మీద ఎనామిల్ పెడితే రెండు వానలకే పెచ్చులూడుతది. ముందు గరుకు కాగితంతోని రుద్దాలె, రెడ్ ఆక్సైడ్ కొట్టాలె, అది ఆరాలె, దాని మీద గ్రౌండ్ కలర్, అది గూడ ఆరినంకనే అక్షరం. అక్షరాలకు పట్టేది గంట, రేకు తయారయ్యేదానికి ఒక దినం. నీళ్ల రంగులకు గూడ లెక్క అదే, కాకపోతే కాగితం కొననే సాఫుగ తెల్లగ కనవడుతది కాబట్టి దానికి మల్ల తయారేంది అనుకుంటరు.

పోయినేడు ఇక్కడ ఒక చిత్రలేఖనం పోటీ అయింది, ఎవరు పెట్టిన్రో పేరొద్దు. తిప్పర్తి దిక్కు నుంచి నా దగ్గరికొచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి పానగల్ ఛాయా సోమేశ్వరాలయం వేసింది, మీద పొద్దుగూకేటప్పటి ఆకాశం పెట్టుకున్నది. ఆ బిడ్డ మా వరండాల ఆకాశం వేస్తే నారింజ రంగు ఎక్కడ అయిపోయింది, ఊదా ఎక్కడ మొదలైంది అనేది దొరకదు, అంత మెల్లగ జారుస్తది. పోటీల మాత్రం వాళ్లు ముద్ర కొట్టి ఇచ్చిన షీటు మీదనే వేయాలె, ఇంటికాన్నించి తెచ్చుకున్నది నడువదు. అది మామూలు డ్రాయింగ్ షీటు, పల్చగ, పెన్సిల్‌తోని గీసుకునేటందుకే పనికొచ్చేది. నేను కిటికీ అవతల నిలవడి చూస్తున్న, తడి బ్రష్ పెట్టి రెండు నిమిషాలు కాలేదు, షీటు లేసింది. నడుమ గుట్టలు, గుట్టల మధ్య లోయలు, రంగునీళ్లన్ని ఉరికొచ్చి లోయల్ల మడుగు కట్టినయి, గుట్టల మీద రంగు పాలిపోయింది, ఆ అమ్మాయి బ్రష్‌తోని ఆ మడుగును తీసేదానికి చూస్తే ఇంకింత చార పడ్డది. ఆరినంక షీటు అప్పడం లెక్క రెండు మూలలు లేపుకొని కూసున్నది. జడ్జిగ వచ్చినాయన దాన్ని చేతిలకు తీసుకొని "వాష్ వేయడం ఇంకా రాలేదమ్మా, ప్రాక్టీస్ చెయ్యి" అని పక్కకు పెట్టిండు. వాష్ అంటే పల్చటి రంగునీళ్లు పెద్ద జాగ మీద ఒక్క తీరుగ పరుచుడు. అక్కడ ఏం అనలేదు బిడ్డ, ఆటోల కూసున్నంక ఏడ్చింది. చెయ్యి తప్పు లేదు, రంగు తప్పు లేదు, తప్పు ఆ షీటుది, మార్కులు మాత్రం ఆమెయి పోయినయి.

ఎందుకట్ల అయితదో చెప్త. కాగితమంటే ఒకదానికొకటి అతుక్కున్న పీచు. పీచుకు నీళ్లు తగిలితే ఉబ్బుతది, పొడుగు ఎంతో పెరగదు గని లావైతది. తడిసిన కాడ కాగితం సాగుతది, దాని పక్కన పొడిగ ఉన్న కాడ సాగదు, సాగినదానికి పక్కలకు పోయే జాగ లేక పైకి లేస్తది. మిషన్ కాగితంల పీచు ఎక్కువ ఒక్క దిక్కుకే పండుకొని ఉంటది, అందుకని ఒక దిక్కు ఎక్కువ సాగి ఇంకో దిక్కు తక్కువ సాగి చుట్ట తిరుగుతది. దీనికి ఒకటి కాగితమన్న మస్తు మందం ఉండాలె, లేకుంటే మనమే ముందుగాల దాన్ని మొత్తం నానవెట్టి, ఎంత సాగాల్నో అంత సాగనిచ్చి, అంచులు చెక్కకు బిగించి ఆరవెట్టాలె. పెయింటర్లు స్ట్రెచింగ్ అంటరు దీన్ని.

మనూర్లల్ల డప్పు చేసేదాన్ని చూసినోళ్లకు ఇది చెప్పనే అక్కర లేదు. తోలు నానవెట్టి మెత్తగైనంక చట్రానికి గుంజి కడ్తరు, ఆరుకుంట ఆరుకుంట అదే బిగుసుకుంటది. కాగితం గూడ తడి మీద సాగి, ఆరేటప్పుడు దగ్గరికి రావాలని చూస్తది, అంచులు చెక్కకు అతికి ఉన్నయి కాబట్టి రాలేక బిగుసుకుంటది. మంచిగ కుదిరిందంటే వేలితోని కొడితే టక్కుమని మోగుతది, నాకైతే ఆ మోత ఇన్నదాంక పెన్సిల్ ముట్ట బుద్ధి కాదు. తర్వాత రంగునీళ్లు పడ్డప్పుడు జర లేసినా ఆరంగనే మల్ల పండుకుంటది. ఇదేం కొత్త తెలివి గాదు, ఇంగ్లాండుల టర్నర్ అని 1775 నుంచి 1851 దాకా బతికిన పెద్ద పెయింటర్ గూడ కాగితాన్ని చెక్కలకు బిగించి, నీళ్లల్ల ముంచి, ఆ తడి మీదనే రంగులు వదిలేటోడని చూసినోళ్లు చెప్పిన్రు.

ఇంకోటి, సైజింగ్. మా నాయన చండూరు దిక్కు మగ్గం నేసిండు. పడుగుకు గంజి పట్టియ్యకుండ మగ్గానికి ఎక్కియ్యడు, ఎక్కిస్తే పోగు పీచు లేసి తెగుతది. వాటర్ కలర్ కాగితానికి గూడ గంజి లెక్కటిది ఒకటి పట్టిస్తరు, అది ఉంటేనే రంగు పైన నిలవడి మెల్లగ దిగుతది, లేకుంటే బ్లాటింగ్ పేపర్ తాగినట్టు గుటుక్కున తాగి రంగు సచ్చిపోతది. ఇటలీల ఫాబ్రియానో అనే ఊర్ల 13వ శతాబ్దంలనే జంతువుల తోలు నుంచి తీసిన జెలటిన్ జిగురు పట్టించిన్రు, ఇప్పటికి కొన్ని మంచి కాగితాలకు అదే వాడుతరు. ఈ సంగతి తెల్వక నేను ఒకసారి చలికాలం చన్నీళ్లల్ల చెయ్యి పెట్టలేక హీటర్ నీళ్లల్ల నానవెట్టిన. జెలటిన్ వేడికి కరుగుతది కదా, కాగితం ఆరినంక చూడవోతే పైకి బాగనే ఉన్నది, వాష్ వేస్తే మచ్చలు మచ్చలుగ తాగింది, ఒక కాడ ముదురు ఒక కాడ లేత, అంత ఖరీదు పెట్టి తెచ్చిన షీటు పిల్లలకు రంగులు తుడుచుకునేదానికి పనికొచ్చింది. చన్నీళ్లే వాడాలె, ఎంత చలి పెట్టినా సరే.

నీళ్ల ముచ్చట వచ్చింది కాబట్టి మన నల్గొండోళ్లకు ఇంకో మాట. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే ఉన్నది, నల్గొండ టెక్నిక్ అని, నాగపూర్ల ఉన్న నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసిండ్రు, నీళ్లల్ల పటిక, సున్నం కలిపి కలియవెట్టి తేర్చుడు. కాగితం వాళ్లు గూడ పటికను వేరే పనికి వాడిన్రు, రోజిన్ అనే చెట్టు జిగురుతోని కలిపి సైజింగ్‌కు, గని ఆ పటికతోని కాగితంల యాసిడ్ పెరిగి కొన్నేండ్లకు పచ్చవడి పెళుసైతది, అందుకే కొనేటప్పుడు యాసిడ్ ఫ్రీ అని ఉన్నదా లేదా చూడుమంటరు. సరే, చెప్పవచ్చేదేందంటే మా బోరునీళ్లల్ల కాగితం నానవెడితే ఆరినంక ముదురు రంగు వేసిన కాడ తెల్లటి పొడ లెక్క తేలుతుండె. నేను చాన రోజులు ఫ్లోరైడ్ అనుకున్న. కాదు, అది నీళ్లల్ల ఉండే సున్నపు ఉప్పు, బకెట్ అంచుకు గట్టిగ పట్టేదే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి పెట్టుకున్నకాన్నించి ఆ బాధ పోయింది. నానవెట్టేదానికి ఒక టబ్బెడు, బ్రష్ కడిగేదానికి ఒక మగ్గు, అంతే కదా అయ్యేది.

ఇగ చేసే తీరు. చెక్క 12 ఎంఎం ప్లైవుడ్ ఉంటే మంచిది, పల్చటిది అయితే కాగితం గుంజుడుకు చెక్కే వంగుతది, నేను మొదట్ల పరీక్ష అట్ట మీద చేసి అట్టను విల్లు లెక్క చేసుకున్న. కాగితాన్ని అంచులు పట్టుకొనే ఎత్తాలె, పిల్లలు పల్లీపట్టి తిన్న చేత్తోని నడుమ పట్టుకుంటరు, ఆ నూనె మరక కొననే కనవడది, వాష్ వేసినప్పుడు ఐదు వేళ్లు తెల్లగ తేలుతయి. టబ్బుల రెండు దిక్కుల మునిగేటట్టు వేయాలె, 190 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు కాగితం 190 గ్రాముల బరువు, ఎంత ఎక్కువుంటే అంత మందం) అయితే మూడు నాలుగు నిమిషాలు, 300 అయితే ఎనిమిది పది. గడియారం కంటె మూల చూసుడు మేలు, ఒక మూల జర వంచి వదిలితే పుటుక్కున లేస్తే ఇంకా నానలేదు, వంచినట్టే మెత్తగ పడి ఉంటే అయింది. తీసి ఒక మూల పట్టుకొని ఎత్తితే నీళ్లు కింది మూల నుంచి ధారగ కారి, తర్వాత చుక్కలు చుక్కలుగ అయితయి, అప్పుడు చెక్క మీద ఒక అంచుకాన్నించి మెల్లగ పరవాలె. బుడగలు వచ్చినయని చేత్తోని రుద్దొద్దు, తడి కాగితం పైపొర లేస్తది, ఆరినంక ఆ బుడగలు వాటంతట అవే పోతయి. అంచులు మాత్రం పాత కాటన్ ధోతి ముక్కతోని అద్దాలె.

అంచులకు పెట్టే టేపు కాడనే మా ఊర్ల అసలు తిప్పలు. దానికి కావల్సింది గమ్ టేపు, ఖాకీ కాగితం పట్టీ, ఎనక ఎండిన జిగురు ఉంటది, నీళ్లు తగిలితే అతుకుతది. గడియారం సెంటర్ల ఏ దుకాణంల అడిగినా అట్టపెట్టెలకు వేసే ప్లాస్టిక్ బ్రౌన్ టేపు తీసి చేతుల పెడుతరు, "ఇదే గమ్ టేపు అన్నా" అని నాకే చెప్తరు. అది తడి కాగితానికి అతకదు, మాస్కింగ్ టేపు గూడ అతకదు. హైదరాబాద్ పోయినప్పుడు తెచ్చుకుంట, అయిపోయినప్పుడు మాత్రం నా సొంత ఉపాయం ఒకటున్నది. నోటుబుక్కులకు అట్ట వేసే ఖాకీ కాగితాన్ని రెండంగుళాల పట్టీలు కోసి, సినిమా పోస్టర్లు అంటించే మైదా లై చిక్కగ ఉడికించి పల్చగ రాసి, సగం కాగితం మీద సగం చెక్క మీద పడేటట్టు నాలుగు దిక్కుల ఒత్తుత. గట్టిగ పట్టుకుంటది. లై ఎక్కువ రాస్తే జారుతది, గమ్ టేపుకు నీళ్లు ఎక్కువ పెడితే జిగురే కొట్టుకపోతది, రెండిటికి అదే రోగం. స్టేప్లర్ పిన్నులు కొట్టేటోళ్లు గూడ ఉన్నరు, అంగుళం అంగుళంన్నరకు ఒకటి కొట్టాలె, నాకు ఆ పీకుడు పని ఇష్టం ఉండది.

ఆరవెట్టుడు మన ఎండాకాలంల ఒక పరీక్ష. మే నెలల ఒకపారి తొందరై చెక్కను డాబా మీద ఎండకు పెట్టి బువ్వ తిననీకి వచ్చిన, రెండు ముద్దలు పెట్టుకున్ననో లేదో పైనుంచి టప్పుమని సప్పుడు, కోతులేమో అనుకొని మా ఇంటామె కట్టె పట్టుకొని ఉరికింది, పోయి చూస్తే కోతి లేదు ఏం లేదు, టేపు ఒక దిక్కు అంచు పొడుగూత చిరిగి కాగితం లేసి నిలవడ్డది. అంచులు ముందుగాల ఆరి నడుమ తడి ఉన్నా, నడుమ ఆరి టేపు తడి ఉన్నా ఇదే గతి. నీడకు, ఫ్యాను కింద గాకుండ, బండల మీద సాపుగ పండవెట్టి రాత్రంత వదిలెయ్యాలె, నిలవెడితే నీళ్లన్ని కింది అంచుకు దిగి అక్కడ టేపు ఊడుతది. వానకాలం అయితే ఒకదినం పడుతది. ఆరిందా లేదా అని వేలు పెట్టి గోకొద్దు, చెయ్యి తిప్పి ఎనక దిక్కు ఆనిచ్చి చూడాలె, సల్లగ తగిలితే లోపట తడి ఉన్నట్టే. బొమ్మ అయిపోయి పూర్తిగ ఆరినంకనే బ్లేడుతోని అంచు కోసి తీయాలె, తొందరవడి తడి మీద తీస్తే మల్ల అప్పడమే.

ఇంత తిప్పలు ఎవడు పడుతడు అనేటోళ్లకు మందం కాగితం ఉన్నది. 640 జీఎస్ఎం అయితే నానవెట్టేది లేదు బిగించేది లేదు, కానీ అది కొనేదానికి మా పిల్లల తల్లిదండ్రులకు చేతకాదు, నాకు గూడ కాదు. 300 జీఎస్ఎం కాగితం చిన్న సైజుకు కోసుకొని నాలుగు దిక్కుల క్లిప్పులు పెట్టి, నీళ్లు తక్కువ వాడితే స్ట్రెచింగ్ లేకున్నా నడుస్తది, పెద్ద ఆకాశం పెద్ద చెరువు వేయాలంటే మాత్రం బిగించాలె. దూది గుజ్జుతోని చేసింది కట్టె గుజ్జు కంటె మంచిగ తట్టుకుంటది, రేటు గూడ అట్లనే ఉంటది. ఇప్పటికే వంకరపోయిన బొమ్మలున్నోళ్లు పారెయ్యకుండ్రి, బొమ్మను బోర్లేసి ఎనక దిక్కు తడి స్పాంజితోని పల్చగ అద్ది, కింద మీద తెల్ల కాగితాలు పెట్టి, దాని మీద ప్లైవుడ్, ప్లైవుడ్ మీద బియ్యం బస్తా పెట్టి ఒక రాత్రి వదలుండ్రి, చాన వరకు సాపైతది. తిప్పర్తి అమ్మాయి పానగల్ బొమ్మను అట్లనే సాపు చేసి ఇచ్చిన, చారలు పోలేదు గని ఫ్రేముల పట్టింది.

పోటీలు పెట్టేటోళ్లకు మీ పేపర్ ద్వారా ఒక మాట చేరాలె. స్టేజీ ఎనక పది ఫీట్ల ఫ్లెక్సీ కడుతరు, వచ్చిన పెద్దమనుషులందరికి శాలువలు కప్పుతరు, ప్రతోనికి షీల్డు ఇస్తరు, బొమ్మ వేసే షీటు కాడికి వచ్చేవరకు అన్నిటికంటె సస్తాది తెస్తరు. నాలుగు శాలువలు తక్కువ కొంటే ఒక రూముల పిల్లలందరికి 300 జీఎస్ఎం కాగితం వస్తది, ఎనక ముద్ర దాని మీద కొట్టుకోండి, ఎవరొద్దన్నరు. అది గూడ కాదంటే నీళ్ల రంగుల పోటీ అనకుండ్రి, క్రేయాన్లు, కలర్ పెన్సిళ్ల పోటీ అని పెట్టుండ్రి, ఆ షీటుకు అవి సరిపోతయి. జడ్జిగ పోయేటోళ్లు గూడ బొమ్మ ఎత్తి చూసేముందు షీటును ఒకసారి వేళ్ల నడుమ పట్టి చూడుండ్రి.

మీరు వచ్చే ఆదివారం పిల్లల పేజీల ఆ వ్యాసం రెండో భాగం వేస్తమన్నరు కదా, అండ్ల ఆకాశం వేసుడు నేర్పిస్తరంట. దానికి ముందుగాల కాగితం గురించి నాలుగు ముక్కలు వేయుండ్రి, నేను రాసిందే వేయాలని లేదు, ఎవరితోనన్న రాయించుండ్రి. మీ వ్యాసం చూసి మా వరండాల పిల్లలు ఇప్పటికే ఆరుగురు చెక్కలు తెచ్చుకొని బిగించి పెట్టుకున్నరు, హాలు నిండ అవే పరిచి ఉన్నయి, రాత్రి మా ఇంటామె మంచినీళ్లకు లేసి చీకట్ల ఒకదాని మీద కాలు పెట్టింది, ఐదు మిగిలినయి.

ఇట్లు,
ఒక పాత బోర్డుల పెయింటర్,
నల్గొండ